సైన్ అల పక్కన బహుపది: కొన్ని విశేషాలు

◆ సైన్ గ్రాఫ్ అంతులేని అల. లేస్తుంది, దిగుతుంది, మళ్లీ లేస్తుంది. 1 దాటి పైకి పోదు, −1 దాటి కిందికి దిగదు. బహుపది స్వభావం దీనికి పూర్తిగా విరుద్ధం. మధ్యలో ఎన్ని వంకరలు తిరిగినా, చివరికి ఆకాశానికో పాతాళానికో పోయి తీరుతుంది. అలాంటి రెండింటినీ ఒకే గ్రాఫ్ కాగితం మీద గీస్తే, కొంతమేర ఏది ఏదో చెప్పలేనంతగా కలిసిపోతాయి. ఆ తర్వాత ఒకచోట విడిపోతాయి. ఆ కలిసిన చోటు కంటే విడిపోయే చోటే ఎక్కువ పాఠం చెబుతుంది.

◆ అన్నిటికంటే చిన్న బహుపది ఒట్టి సరళరేఖ. కోణాన్ని రేడియన్లలో కొలిచి θ అనుకుంటే, సైన్ విలువ దాదాపు θ యే. θ = 0.1 దగ్గర సైన్ 0.09983, రేఖ 0.1. తేడా పదివేలలో రెండు వంతులకు కూడా చేరదు. సుమారు 14 డిగ్రీల దాకా ఈ రేఖను నమ్ముకుంటే పొరపాటు నూటికి ఒకటి మించదు. ఇంటర్మీడియట్ ఫిజిక్సులో లోలకం డోలనకాలానికి ఇచ్చే సూత్రం ఈ సరళరేఖ మీదే నిలబడి ఉంది. ‘చిన్న కోణాలకు మాత్రమే’ అని పక్కన రాసే షరతు అందుకే. లోలకాన్ని బాగా పక్కకు లాగి వదిలితే డోలనకాలం సూత్రం చెప్పినదానికంటే ఎక్కువ వస్తుంది.

◆ రెండో పదం చేర్చండి: θ − θ³/6. రేఖ ఇప్పుడు వంగడం నేర్చుకుంటుంది. అసలు సైన్ శిఖరం 1.5708 దగ్గర, ఎత్తు 1. ఈ ఘన బహుపది కాస్త తొందరపడి 1.414 దగ్గరే, అంటే సరిగ్గా రెండు వర్గమూలం దగ్గరే, 0.943 ఎత్తులో శిఖరం ఎక్కేస్తుంది. దిగడంలోనూ అదే తొందర. సైన్ అక్షాన్ని దాటేది 3.1416 దగ్గరైతే, ఇది 2.449 దగ్గర, అంటే ఆరు వర్గమూలం దగ్గర, దాటేస్తుంది. π చేరేసరికి −2.03కి పడిపోయి ఉంటుంది. 90 డిగ్రీలకు లోపు మంచి తోడు. ఆ తర్వాత దాని దారి దానిదే.

◆ ఈ వరుసలో నాకు అన్నిటికంటే నచ్చేది ఐదో ఘాతం బొమ్మ: θ − θ³/6 + θ⁵/120. 90 డిగ్రీల దగ్గర దీని విలువ 1.0045, మెచ్చుకోదగ్గ దగ్గరితనం. అక్కణ్ణుంచి సైన్‌తో పాటే కిందికి దిగడం మొదలుపెడుతుంది. అక్షాన్ని తాకుతుందనుకుంటాం. తాకదు. 3.076 దగ్గర 0.52 ఎత్తులో ఆగి, వెనక్కి తిరిగి పైకి వెళ్లిపోతుంది. మూలబిందువు తప్ప దీనికి మరో వాస్తవ శూన్యమే లేదు. నిరూపణకు పదో తరగతి బీజగణితం చాలు. θ ను బయటికి తీసి, θ² ను ఒకే చలరాశిగా భావిస్తే మిగిలేది వర్గ సమీకరణం. దాని విచక్షణి 400 − 480, రుణాత్మకం. మూడో ఘాతానికి శూన్యాలున్నాయి, ఏడో ఘాతానికీ ఉన్నాయి, మధ్యలో ఐదోదానికి లేవు. పదాలు పెంచుకుంటూ పోతే బొమ్మ ప్రతి అడుగులోనూ అన్ని విధాలా మెరుగవుతుందని అనుకునేవారికి ఈ ఒక్క గ్రాఫ్ చూపించాలి.

◆ π దగ్గర సైన్ విలువ సున్న. అక్కడ బహుపదులు వరుసగా ఏం చెబుతాయో చూడండి. మూడో ఘాతం −2.026, ఐదోది 0.524, ఏడోది −0.075, తొమ్మిదోది 0.0069, పదకొండోది −0.0004. ఒకటి పైకి, ఒకటి కిందికి. పదాల గుర్తులు మారుతుంటాయి కాబట్టి బహుపదులు సైన్ వక్రానికి అటొకటి ఇటొకటిగా చేరి ఇరుకు చేస్తూ వస్తాయి.

◆ 0 నుంచి 2π దాకా ఒక పూర్తి అలను పట్టుకోవాలంటే ఎంత దూరం పోవాలి? పదిహేడో ఘాతం దాకా పోతే 2π దగ్గర తేడా సుమారు వందో వంతుకు తగ్గుతుంది. గ్రాఫ్ మీద కంటికి ఆనదు. ఆ తర్వాత కొత్త పదం చేర్చిన ప్రతిసారీ బహుపది సైన్‌తో కలిసి నడిచే దూరం సుమారు ముప్పావు రేడియన్ పెరుగుతుంది. ఎన్ని పదాలు చేర్చినా ఒక బహుపది మొత్తం అలతో ఏకం కాలేదు. సైన్ అక్షాన్ని అనంతసార్లు దాటుతుంది, బహుపది మాత్రం దాని ఘాతానికి మించి ఒక్కసారి కూడా దాటలేదు.

◆ ఈ శ్రేణిని పాఠ్యపుస్తకాలు టేలర్ పేరుతోనో మెక్లారిన్ పేరుతోనో పరిచయం చేస్తాయి. టేలర్ పుస్తకం 1715లో, మెక్లారిన్‌ది 1742లో వచ్చాయి. న్యూటన్ 1669 నాటికే సైన్ శ్రేణి రాసిపెట్టాడు. కానీ వీళ్లందరికంటే దాదాపు రెండు వందల యాభై ఏళ్ల ముందే కేరళలో సంగమగ్రామ మాధవుడు ఇదే బహుపదిని పదకొండో ఘాతం దాకా వాడాడు. ఆయన కాలం సుమారు 1340 నుంచి 1425 వరకు. సైన్ శ్రేణి గురించి ఆయన సొంత గ్రంథం ఏదీ మనకు దక్కలేదు. శిష్యపరంపర రాసిన పుస్తకాల వల్లే ఇది తెలిసింది. వాటిలో జ్యేష్ఠదేవుడి ‘యుక్తిభాష’ మలయాళ వచనంలో ఉంది, ఫలితాలతో పాటు ఉపపత్తులూ చెబుతుంది. మామూలు జనం భాషలో అంతటి నిరూపణలు రాయడం ఎంత పెద్ద సాహసమో ఆలోచించండి. 1834లో చార్లెస్ విష్ అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి వ్యాసం అచ్చయితే గాని ఐరోపాకు ఈ సంగతి తెలియలేదు. తెలిశాక కూడా చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు.

◆ మాధవుడి లెక్కను దగ్గరగా చూద్దాం. డిగ్రీలో అరవయ్యో వంతు కళ, అందులో అరవయ్యో వంతు వికళ, అందులోనూ అరవయ్యో వంతు తత్పర. 90 డిగ్రీలంటే 5400 కళలు. ఆయన ముందే ఐదు సంఖ్యలు సిద్ధం చేసుకున్నాడు: 44 తత్పరలు, 33 వికళల 6 తత్పరలు, 16 కళల 5 వికళల 41 తత్పరలు, 273 కళల 57 వికళల 47 తత్పరలు, 2220 కళల 39 వికళల 40 తత్పరలు. మనకు కావలసిన చాపాన్ని 5400తో భాగించి వర్గం చేయాలి. మొదటి సంఖ్యను ఆ వర్గంతో గుణించి రెండోదానిలోంచి తీసేయాలి. వచ్చినదాన్ని మళ్లీ వర్గంతో గుణించి మూడోదానిలోంచి. ఇలా చివరిదాకా పోయి, ఆఖరి ఫలితాన్ని మాత్రం ఘనంతో గుణించి చాపంలోంచి తీసేయాలి.

90 డిగ్రీలకు చేస్తే గుణకారం అక్కర్లేదు, వర్గమూ ఘనమూ ఒకటే కదా. ఉత్త తీసివేతలు. 33 వికళల 6 తత్పరల్లోంచి 44 తత్పరలు పోతే 32 వికళల 22 తత్పరలు. దాన్ని మూడోదానిలోంచి తీస్తే 15 కళల 33 వికళల 19 తత్పరలు. తర్వాత 258 కళల 24 వికళల 28 తత్పరలు. ఆ తర్వాత 1962 కళల 15 వికళల 12 తత్పరలు. ఇది 5400 కళల్లోంచి పోతే మిగిలేది 3437 కళల 44 వికళల 48 తత్పరలు. మాధవుడు తీసుకున్న వృత్త వ్యాసార్ధం సరిగ్గా అదే, చివరి తత్పర దాకా! 90 డిగ్రీల జ్య, అంటే వ్యాసార్ధంతో గుణించిన సైన్, వ్యాసార్ధానికి సమానం కావాలి, అయింది. కాగితం మీద మీరే చేసి చూసుకోండి, పది నిమిషాల పని.

◆ పై పద్ధతిలో ఇంకో గొప్ప సంగతి ఉంది. ఘాతాలన్నీ విడివిడిగా లెక్కగట్టకుండా, చివరి పదం నుంచి వెనక్కి ఒక్కో గుణకారంతో అల్లుకుంటూ రావడం. ఇవాళ కంప్యూటర్లు బహుపదిని లెక్కించేది ఇలాగే. దానికి హార్నర్ పద్ధతి అని పేరు, 1819 నాటి ఒక వ్యాసం వల్ల.

◆ మరి మాధవుడి ఐదు సంఖ్యలు గుర్తుండేదెలా? అక్షరాలతో అంకెలను సూచించే కటపయాదితో. సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇది కొత్త కాదు. ధీరశంకరాభరణంలో ధ అంటే 9, ర అంటే 2, తిరగేస్తే 29వ మేళకర్త. అదే పద్ధతిలో 44కు మాధవుడి సూత్రం పెట్టిన మాట ‘విద్వాన్’. వకారానికి 4, ద్వా లోని చివరి హల్లు మళ్లీ వకారమే కనుక 4, అచ్చులేని నకారానికి లెక్క లేదు. మిగిలిన నాలుగు సంఖ్యలూ ఇలాగే మాటల్లో దాగి ఉన్నాయి. రాగం పేరూ సైన్ బహుపది గుణకమూ ఒకే తాళంచెవితో తెరుచుకుంటాయి.

◆ మాధవుడికి చాలా ముందే, ఏడో శతాబ్దంలో, మొదటి భాస్కరుడు ‘మహాభాస్కరీయం’లో మరో దారి చూపించాడు. కోణం డిగ్రీల్లోనే ఉండనివ్వండి. దాన్ని 180లోంచి తీసి, ఆ రెండింటినీ గుణించండి. ఆ లబ్ధాన్ని నాలుగింతలు చేస్తే లవం. అదే లబ్ధాన్ని 40500లోంచి తీస్తే హారం. 30 డిగ్రీలకు లబ్ధం 4500, భిన్నం 18000/36000, అంటే కచ్చితంగా అర. 90కి కచ్చితంగా 1. 45కి 0.7059 వస్తుంది, అసలు విలువ 0.7071. 0 నుంచి 180 దాకా ఎక్కడా తేడా 0.002 దాటదు. ఇది ఒక బహుపది కాదు, రెండు బహుపదుల నిష్పత్తి. సైన్ పక్కన గీస్తే మామూలు గ్రాఫ్ కాగితం మీద రెండూ ఒకే గీత. ఇంత తక్కువ సరంజామాతో ఇంత దగ్గరగా వచ్చే సూత్రాలు గణితంలో అరుదు.

◆ యంత్రంతో గ్రాఫ్ గీసినప్పుడు సైన్ అల బదులు దాదాపు చదునైన గీత వచ్చిందా? యంత్రం డిగ్రీల్లో ఉంది, రేడియన్లకు మార్చండి. θ − θ³/6 రేడియన్లకే వర్తిస్తుంది.

◆ సైన్ వాలు కొసైన్. వాటి బహుపదులదీ అదే బంధుత్వం. θ − θ³/6 + θ⁵/120 ఏ బిందువు దగ్గరైనా ఎంత వాలి ఉందో 1 − θ²/2 + θ⁴/24 చెబుతుంది, అది కొసైన్ బహుపది. ఐదో ఘాతం శిఖరం ఎక్కడో తెలియాలంటే నాలుగో ఘాతపు కొసైన్ అక్షాన్ని తాకే చోటు చూస్తే సరి: 1.5925. రెండు గ్రాఫులూ ఒకదాని కింద ఒకటి గీసి నిలువుగా స్కేలు పెట్టి చూపిస్తే, పిల్లలకు అవకలనం అంటే ఏమిటో మాటలతో చెప్పనక్కర్లేదు.

◆ క్లార్క్స్ టేబుల్స్ అనే గణిత పట్టికల పుస్తకం వాడినవాళ్లంతా తెలియకుండానే బహుపదిని వాడారు. సైన్ పట్టికలో ఆరేసి నిమిషాలకు ఒక గడి ఉంటుంది. మధ్య నిమిషాలకు కుడిచివర సగటు భేదాలుంటాయి. 30 డిగ్రీల వరుసలో అవి 3, 5, 8, 10, 13. దాదాపు సమానంగా పెరుగుతున్నాయి. అంటే ఆ ఆరు నిమిషాల ముక్కలో సైన్ వక్రాన్ని సరళరేఖగా, అంటే ఒకటో ఘాత బహుపదిగా, భావించారన్నమాట.

◆ అలాంటి పట్టికల్లో అచ్చుతప్పులు, లెక్కతప్పులు చూసి విసిగిపోయిన చార్లెస్ బాబేజ్ వాటిని యంత్రంతో చేయించాలనుకున్నాడు. ఆయన డిఫరెన్స్ ఇంజిన్‌కు సైన్ అంటే ఏమిటో తెలియదు, కూడిక మాత్రమే తెలుసు. బహుపది విలువలను వరుసగా రాసి భేదాలు, భేదాల భేదాలు తీసుకుంటూ పోతే ఒక దశలో అన్నీ ఒకటే అయిపోతాయి. అక్కణ్ణుంచి వెనక్కి కూడుకుంటూ వస్తే కొత్త విలువలు పుడతాయి. కాబట్టి పట్టికను చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు ఒక్కో బహుపదిని అమర్చితే చాలు, మిగతా పని పళ్లచక్రాలది. రెండో నమూనా ఏడో ఘాతం వరకు, 31 అంకెల సంఖ్యలతో పనిచేసేలా గీశాడు. ఆయన బతికుండగా అది తయారవలేదు. 1991లో, ఆయన పుట్టిన రెండు వందల ఏళ్లకు, లండన్ సైన్స్ మ్యూజియంవాళ్లు ఆ బొమ్మల ప్రకారమే కట్టారు. పనిచేసింది.

◆ శ్రేణి ఎంత పెద్ద కోణానికైనా చివరికి సరైన విలువకే చేరుతుంది. సిద్ధాంతం అది. కంప్యూటర్‌లో 30 రేడియన్లకు నేరుగా వేసి చూడండి. జవాబు −0.988 రావాలి. దారిలో 29వ ఘాతపు పదం ఒక్కటే 77 వేల కోట్లు దాటుతుంది! అంత పెద్ద సంఖ్యలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని చివరికి ఒకటి లోపు మిగలాలి. కంప్యూటర్ మామూలుగా పదహారు అంకెల దాకానే గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి, జవాబులో నాలుగైదు అంకెలే నమ్మకంగా మిగులుతాయి. అందుకే తెలిసినవాళ్లు ముందు 2π గుణిజాలను తీసేసి, కోణాన్ని సున్న దగ్గరికి తెచ్చుకున్నాకే బహుపదిని తాకుతారు.

◆ బహుపది శూన్యాలన్నీ వాస్తవమైతే దాన్ని కారణాంకాల లబ్ధంగా రాయవచ్చు. 1735లో, ఇరవై ఎనిమిదేళ్ల ఆయిలర్ సైన్‌ను అనంత ఘాతపు బహుపదిలా భావించే తెగువ చూపించాడు. π, 2π, 3π ల దగ్గర శూన్యాలు కనుక ఆ కారణాంకాల లబ్ధం ఒకవైపు, θ − θ³/6 + … శ్రేణి మరోవైపు పెట్టి గుణకాలు పోల్చాడు. 1 + 1/4 + 1/9 + 1/16 + … మొత్తం π²/6 అని తేలింది. 1650 నుంచి ఎవరికీ లొంగని బాసెల్ సమస్య అలా విడింది. ఆ లబ్ధానికి సమర్థన తర్వాత వచ్చింది. ముందు చూసింది మాత్రం సైన్‌లో బహుపదినే.

◆ టాన్ విలోమ ప్రమేయం గ్రాఫ్ ఎంతో సాత్వికం. ఎక్కడా తెగదు, ఎక్కడా పేలదు. కానీ దాని బహుపదులు, θ − θ³/3 + θ⁵/5 …, 1 దాటగానే గోడకు గుద్దుకున్నట్టు చెదిరిపోతాయి. వంద పదాలు వేసినా అంతే. పైపెచ్చు పదాలు పెరిగేకొద్దీ ఇంకా నిటారుగా విడిపోతాయి. కారణం గ్రాఫ్ మీద కనిపించదు. దాని వాలు 1/(1 + θ²). θ² విలువ −1 అయితే హారం సున్న. అది సంకీర్ణ సంఖ్యల తలంలో, మూలబిందువు నుంచి సరిగ్గా ఒక ప్రమాణం దూరంలో ఉంది. మనం గీసే వాస్తవ అక్షం మీద లేని చోటు, మన బహుపది ఎక్కడ ఆగాలో శాసిస్తోంది.

◆ టాన్ శ్రేణి గుణకాలను క్రమగుణితాలతో రాస్తే లవాలుగా 1, 2, 16, 272 వస్తాయి. 1 నుంచి 5 వరకు అంకెలను ఎక్కుతూ దిగుతూ, ఎక్కుతూ దిగుతూ పేర్చే విధాలు సరిగ్గా 16. మూడు అంకెలైతే రెండే విధాలు: 132, 231. ఏడైతే 272. ఈ సంబంధాన్ని 1879లో దేజిరే ఆంద్రే అనే ఫ్రెంచి గణితవేత్త బయటపెట్టాడు.

◆ మీ చేతి కాలిక్యులేటర్ ఈ శ్రేణి వాడుతుందనుకుంటే పొరపాటే. చాలా కాలిక్యులేటర్ల వంశం కార్డిక్ అనే పద్ధతిది. బి-58 బాంబర్ విమానం దిశానిర్దేశం కోసం 1956లో జాక్ వోల్డర్ కనిపెట్టాడు. కూడికలు, రెండుతో భాగహారాలు, చిన్న పట్టిక, అంతే. 1972లో వచ్చిన హెచ్‌పీ-35 కాలిక్యులేటర్ ఆ కుదురుదే.

◆ కంప్యూటర్లు మాత్రం బహుపదులనే వాడతాయి, అయితే టేలర్‌వి కాదు. ఎందుకో ఒక గ్రాఫ్ చెబుతుంది. సైన్ పక్కన 0.9855θ − 0.1425θ³ గీయండి. సున్న దగ్గర ఇది టేలర్ ఘనానికి తీసికట్టు, మొదటి గుణకమే 1 కాదు కదా. కానీ 90 డిగ్రీల దాకా ఎక్కడ కొలిచినా తేడా 0.0046 దాటదు. టేలర్ ఘనానికి 90 డిగ్రీల దగ్గర తేడా 0.075, పదహారు రెట్లు. ఇప్పుడు అసలు తేడాలనే గ్రాఫ్ గీయండి. సైన్‌లోంచి బహుపదిని తీసేసి, నిలువు అక్షాన్ని బాగా సాగదీయండి. టేలర్ తేడా చాలాసేపు అక్షాన్ని అంటిపెట్టుకుని ఉండి చివర్లో ఒక్కసారిగా ఎగిరిపోతుంది. రెండోదాని తేడా 0.48 దగ్గర ఒకవైపు, 1.27 దగ్గర రెండోవైపు, అంచున మళ్లీ మొదటివైపు, దాదాపు ఒకే ఎత్తులో ఊగుతుంది. పొరపాటును అంతటా సమంగా పంచడమే అత్యుత్తమ బహుపది గుర్తు. ఈ చూపు 1854లో గణితవేత్త చెబిషెవ్‌ది. ఆవిరి యంత్రాల్లో కడ్డీలు తిన్నగా కదిలేలా చేయాలని ఆలోచిస్తూ ఇక్కడికి వచ్చాడు. అలాంటి బహుపదిని వెతికే పద్ధతిని 1934లో రెమెజ్ ఇచ్చాడు.

◆ సన్ మైక్రోసిస్టమ్స్ 1993లో రాసిన గణిత లైబ్రరీ సంతానం ఇవాళ ఎన్నో వ్యవస్థల్లో నడుస్తోంది. జావా భాషలోని స్ట్రిక్ట్‌మ్యాథ్‌కు అదే ప్రమాణం. అందులో సైన్‌కు 13వ ఘాతం దాకా వెళ్లే బహుపది ఉంది, 45 డిగ్రీల వరకే దాని పని. ఘనం గుణకం చోట 1/6 ఉండాలి కదా, అంటే దశాంశం తర్వాత ఒకటి, ఆపైన అన్నీ ఆరులు. ఆ లైబ్రరీలో ఉన్నది 0.166666666666666324348. ఐదో ఘాతం దగ్గర 1/120 బదులు 0.00833333333332248946. తోకలో కనిపించే ఆ తేడా అచ్చుతప్పు కాదు. మూలబిందువు దగ్గర కొసరంత వదులుకుని 45 డిగ్రీల అంచున పొరపాటును తగ్గించడానికి కావాలని పెట్టిన అంకెలవి.